ఊళ్ల చుక్కలు ఉండాలి, పేర్లు మాత్రం అవసరమైనప్పుడే కనబడాలి

పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో నల్గొండ జిల్లా మొత్తం తెరపైకి రాగానే ఊళ్ల పేర్లు ఒకదానిపై ఒకటి పడుతున్నాయని, ఊళ్ల లేయర్ (పటంలో ఊళ్ల సమాచారం ఉన్న పొర) ఆపితే చుక్కలు కూడా మాయమవుతున్నాయని మీరు రాశారు. లేయర్‌ను ముట్టుకోకండి. అందులో పేర్లకు వేరే అదుపు ఉంది.

లేయర్ ప్రాపర్టీస్‌లో లేబుల్స్ తెరిచి, సింగిల్ లేబుల్స్ బదులు రూల్ బేస్డ్ లేబుల్స్ ఎంచుకోండి. మీ పట్టికలో మండల కేంద్రాలను గుర్తించే నిలువు వరుస ఉంది కాబట్టి రెండు నియమాలు చాలు. మిర్యాలగూడ, దామరచర్ల వంటి మండల కేంద్రాలకు ఒకటి, స్కేలు పరిమితి లేకుండా. మిగతా ఊళ్లకు రెండోది, స్కేల్ రేంజ్ టిక్ పెట్టి మినిమమ్‌లో 1:75000 ఇవ్వండి. అంతకన్నా దూరం నుంచి చూస్తే ఊళ్ల పేర్లు ఉండవు, చుక్కలు అలాగే ఉంటాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. దూరపు హద్దు మినిమమ్, దగ్గరి హద్దు మాక్సిమమ్. అంటే పెద్ద అంకె మినిమమ్ గడిలోనే పడాలి. తారుమారైతే ఆ ఊళ్ల పేర్లు అనుకున్నట్టు కనబడవు. నేను ఒకసారి దీనికోసం ఒక పూట పోగొట్టుకున్నాను.

అప్పటికీ కొన్ని పేర్లు రాకపోతే చోటు చాలక సాఫ్ట్‌వేరే వాటిని వదిలేసి ఉంటుంది. లేబుల్ టూల్‌బార్‌లో చోటు దొరకని పేర్లను చూపే బొత్తాం నొక్కితే అవి ఎరుపు రంగులో బయటపడతాయి.

ముద్రణకు వెళ్లే ముందు ప్రింట్ లేఅవుట్‌లో (ముద్రణకు పేజీ సిద్ధం చేసే కిటికీలో) స్కేలు తప్పక చూడండి. పేర్లను నిర్ణయించేది అక్కడి స్కేలే, తెర మీది స్కేలు కాదు.