అమ్మమ్మ వేళ్ళు నల్లగా ఉండేవన్నావు

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మూడుసార్లు చదివాను. వెంటనే జవాబు రాయలేకపోయాను, ఎందుకంటే నువ్వడిగింది నేనూ ఒకప్పుడు అడిగిందే, అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. అమ్మమ్మ పోయాక ఒక్క పేజీ కదలడం లేదు, నాకు కథలు చెప్పిందే ఆవిడ, ఇంక ఎవరి కోసం రాయాలి అన్నావు. (మేడమ్ అని రాయకు, అత్తా అను చాలు.)

నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు ఆవిడ ఎంత గొప్పదో రాశావు. త్యాగమూర్తి, ఇంటి దీపం, కరుణామయి. ఏమీ అనుకోకు, అవి చదువుతుంటే నాకు ఆవిడ కనపడలేదు. మూడో పేజీ అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: జీడి పిక్కలు కొట్టి కొట్టి అమ్మమ్మ వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవని. అక్కడ ఆగిపోయాను. పలాస వైపు ఆ వేళ్ళని నేనూ చూశాను. పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది, బూడిద రాసుకుని కూర్చున్నా సరే గోళ్ళ చుట్టూ ఆ నలుపు పోదు. ఆ వేళ్ళతోనే అన్నం కలిపి నీకు ముద్దలు పెట్టిందా? పెళ్ళిళ్ళకి వెళ్తే కొంగులో దాచుకునేదా, లేక ఏమీ పట్టనట్టు పది మందిలో చెయ్యి చాపి తాంబూలం తీసుకునేదా? ఇది నీకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు రాయకపోతే ఎవరూ రాయరు.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. బీ షిఫ్టు దిగి అర్ధరాత్రి ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల మీద నార ధూళి పేరుకుని ఉండేది, ఒక్క రాత్రిలో ముసలాడైపోయినట్టు. సెలవు రోజున అరుగు మీద కూర్చుని గోగునార తొడ మీద పేనేవాడు. రెండు జానలు అయ్యాక ఒక కొస నా చేతికిచ్చి, "లాగే గుంటా, గట్టిగ లాగు. తెగిపోతే మళ్ళీ పేనుదుం" అనేవాడు. నేను కాళ్ళు తన్నిపెట్టి లాగేదాన్ని. తెగినప్పుడు ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు, తెగిన చోటు దగ్గరగా పెట్టుకుని చూసి, అక్కడ నార పల్చగా పడిందనేవాడు.

ఆయన పోయాక ఏడాదిన్నర నేను ఏమీ రాయలేదు. రాసిందల్లా ఒక్కటే, మా నాన్న దేవుడు అనే రకం, దాన్ని ఒక పత్రిక తిప్పి పంపింది. ఎంత ఏడ్చానో. వాళ్ళకి గుండె లేదనుకున్నాను. చాలా రోజుల తర్వాత మళ్ళీ తీసి చదివితే అందులో నాన్న లేడు. తాగొచ్చి అమ్మ మీద అరిచిన రాత్రులు లేవు, మర్నాడు పొద్దున్నే లేచి తనే పొయ్యి వెలిగించి ఎవరి ముఖమూ చూడకుండా టీ పెట్టిన సంగతీ లేదు. అవి రాయడం మొదలుపెట్టాక ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నట్టు అయింది. ఇప్పటికీ ఒక వాక్యం మీద అనుమానం వస్తే పైకి చదువుతాను, లాగే గుంటా అన్న మాట వినపడుతుంది, తెగితే ఎక్కడ పల్చబడిందో చూస్తాను. నాకు ధైర్యం అంటే ఇదే, వేరే ఏమీ లేదు.

పోయినవాళ్ళని విగ్రహాలు చేసేస్తే మనకి దండం పెట్టడం తప్ప పని ఉండదు. ఆవిడ మీద నీకు కోపం వచ్చిన రోజు కూడా రాసుకో.

ఇంకోటి, ఇది తొందరగా చెయ్యాలి. ముందు గొంతు పోతుంది. మనిషి ముఖం ఫోటోలో ఉంటుంది, గొంతు మాత్రం రోజుకింత జారిపోతుంది. మా నాన్న గొంతు నా దగ్గర ఏ క్యాసెట్‌లోనూ లేదు. అందుకని అమ్మమ్మ బేగి అన్నది, ఓలమ్మా అన్నది, ఎప్పుడు ఏ మాట అన్నదో ఒక నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టు, పుస్తకాల భాషలోకి సర్దకు. గిడుగు రామమూర్తి గారి సంగతి నీకు తెలిసే ఉంటుంది, మీ జిల్లావాడే, శ్రీముఖలింగం దగ్గర పుట్టారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట నేర్చుకోవడానికి మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు పోయాయి. మనుషులు మాట్లాడుకునే భాషే రాయాలని జీవితమంతా కొట్లాడిన మనిషికి ఆ మాటలే వినపడకుండా పోయాయి! అయినా ఆగలేదు. సవర నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయనకి డెబ్బై అయిదేళ్ళు దగ్గరపడ్డాయి. రాయలేనేమోనని టెన్షన్ పడ్డ ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు, విన్నదాన్ని లోపల అంత కాలం నిలబెట్టుకోవచ్చని ఆయన్ని చూసే నమ్మాను.

మా విజయనగరంలో గురజాడ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇంకో సంగతి తలుచుకుంటాను. 1892లో ఆడిన కన్యాశుల్కం నాటకాన్నే 1909లో మళ్ళీ దాదాపు కొత్తగా రాశారాయన. పదిహేడేళ్ళ తర్వాత! నీకు ఆర్నెల్లు ఆలస్యమైతే ఏమైంది.

ఎప్పుడైనా శ్రీకాకుళం వెళ్తే కథానిలయంలో, ఆ కథల లైబ్రరీలో, ఒక పూట కూర్చో. కథకుడు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో తెరిచారు దాన్ని, ఆయన 2021 జూన్‌లో వెళ్ళిపోయారు, పుస్తకాలు ఉన్నాయి. పాత పత్రిక ఏదో ఒకటి తీసి, పేరు కూడా ఎవరికీ గుర్తులేని కథకుడి కథ ఒకటి చదువు. నేను రాయలేని రోజుల్లో అదే చేశాను. ఎవరో, ఎప్పుడో రాశారు, ఆ మనిషి లేడు, వాళ్ళ పెరట్లో నూతి గిలక చప్పుడు నాకు వినపడుతోంది.

తిత్లీ తుపానులో మీ జీడితోట పడిపోయిందని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. 2018 అక్టోబరు, నువ్వప్పుడు చిన్నపిల్లవి. మర్నాడు పొద్దున్న అమ్మమ్మ తోటకి వెళ్ళిందన్నావు, నిన్నూ తీసుకెళ్ళిందన్నావు. వేళ్ళతో సహా పడి ఉన్న ఆ చెట్ల మధ్య ఆవిడ ముందు ఏ చెట్టు దగ్గరికి నడిచింది? ఏమంది? కూర్చుందా, నిలబడే ఉందా? ఆ పొద్దున్న ఒక్కటీ రాయి, రెండు పేజీలు చాలు. సిరిమాను పండక్కి విజయనగరం వస్తావు కదా, పట్టుకురా. మా ఇంట్లోనే భోజనం, తర్వాత అరుగు మీద కూర్చుని చదువుకుందాం.

మీ అత్త