ముందు సిల్స్, ఆ తర్వాతే పెయింట్

జాకీ వేసి లేపితే మీ ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) తలుపు బిగుసుకుపోతోందని, అయినా పెయింట్ వేయించి అమ్మేయొచ్చా అని అడిగారు. వద్దండీ. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, గట్టి పైకప్పూ లేదు. బాడీని నిలబెట్టేది సిల్సే, అంటే తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు భాగాలు. అవి లోపల తుప్పు పట్టాయనడానికి ఆ తలుపే గుర్తు.

బయటి రేకు మార్చి ఊరుకోకండి, లోపలి పొరలు కూడా చూడాలి. పాత సిల్ కోసే ముందు తలుపు చోటులో అడ్డంగా ఇనుప గొట్టం వెల్డ్ చేయించండి. లేదంటే వంగిన బాడీ అలాగే ఖాయమైపోతుంది, తలుపు ఇక ఎప్పటికీ సరిగ్గా పడదు. ఒక్కో వైపే చేయిస్తూ, మధ్యమధ్యలో తలుపు బిగించి సందు సరిచూసుకోండి. ప్రతి దశా ఫొటో తీయండి. విషయం తెలిసిన కొనుగోలుదారు అడిగేది అవే. ఇంజిన్ గురించి టెన్షన్ వద్దు, ఆ 1,798 సీసీ బి-సిరీస్ గట్టిది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.