లాగ్‌లైన్ ఎవరికి వినిపించాలి, వారిని ఏమని అడగాలి?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. సినిమా రచయితను కావాలన్నది నా కోరిక. నా కథాలోచనలను లాగ్‌లైన్లుగా, అంటే ఒక్కో కథ సారాన్ని ఒక్కొక్క వాక్యంలో రాసి మిత్రులకు చూపిస్తే అందరూ బాగుందనే అంటున్నారు. ఒకరు మాత్రం అన్నీ పాత కథలే అని తీసిపారేస్తున్నారు. ఎవరి మాట పట్టుకుని దిద్దుకోవాలి? ఇలా చూపించడం వల్ల కథ చేజారిపోదా? మచ్చుకు ఒకటి, దాని కథను అర పేజీలో రాసి పంపుతున్నాను: ‘గోదావరి తీరంలోని ఒక పల్లెటూరి యువకుడు, తన కుటుంబానికి జరిగిన అవమానాన్ని ఎదుర్కొని, అందరి మనసులనూ ఎలా గెలుచుకున్నాడన్నదే ఈ కథ.’

జవాబు: ‘బాగుంది’ అన్నవారి మాటతో గాని, ‘పాతదే’ అన్నవారి మాటతో గాని మీ లాగ్‌లైన్‌లో ఒక్క పదం కూడా మారదు. మీరు అడిగినది ‘బాగుందా?’ అన్న ప్రశ్న కావడమే అందుకు కారణం. ఆ ప్రశ్నకు కొందరు మొహమాటంతో, మరికొందరు తమ అభిరుచిని బట్టి జవాబు చెబుతారు. మీకు తెలియవలసినది మీ వాక్యం విన్నవారికి ఏ కథ అర్థమైందన్నది. కాబట్టి వాక్యాన్ని ఒక్కసారి చదివి వినిపించి, కాగితం పక్కన పెట్టి, ‘నీకు అర్థమైన కథను నీ మాటల్లో చెప్పు’ అని అడగండి. వారు చెబుతున్నంతసేపు సరిదిద్దకండి, ‘అసలు నా ఉద్దేశం ఏమిటంటే’ అని అడ్డుపడకండి. వారు వదిలేసినవి, కలిపి చెప్పినవి, తడబడిన చోట్లు రాసుకోండి.

మీరు పంపిన వాక్యాన్ని ఇలా వినిపిస్తే ఒకరు కుటుంబ కక్షల కథ చెబుతారు, ఇంకొకరు ప్రేమకథ చెబుతారు. యువకుడు, అవమానం, మనసులు గెలుచుకోవడం అన్నవి వందల కథలకు సరిపోయే మాటలు. ‘అన్నీ పాత కథలే’ అన్న మిత్రుడికి కనిపించింది కూడా ఇదే. కానీ మీ అర పేజీలో ఉన్నది పాత కథ కాదు. కిందటేటి వరదలో కథానాయకుడి అన్న నడిపిన పడవ మునిగి మనుషులు చనిపోయారు, ఊరు ఆ ఇంటిని దూరం పెట్టింది, ఈ ఏడు మళ్ళీ వరద వచ్చిన రాత్రి, అన్న మీద కేసు పెట్టిన కుటుంబమే లంకలో చిక్కుకుపోయింది. ఇంత బలమైన సందర్భాన్ని మీరు వాక్యంలో దాచేశారు. ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుందన్న భయంతో కొత్త రచయితలలో చాలామంది ఇలాగే చేస్తారు. లాగ్‌లైన్ అన్నది ప్రేక్షకుడిని ఊరించడానికి పోస్టర్ మీద వేసే వాక్యం కాదు. నిర్మాతకు గాని, స్క్రిప్ట్ ల్యాబ్‌కు (రచయితలు తమ స్క్రిప్టులకు మెరుగులు దిద్దుకునే శిక్షణ శిబిరానికి) వచ్చిన దరఖాస్తులను వడపోసేవారికి గాని కథ ఎవరిది, అతనికి ఏమి కావాలి, ఏది అడ్డు, కుదరకపోతే ఏమి పోతుంది అన్నది దాని ద్వారానే తెలియాలి. ముగింపును దాచుకోవచ్చు గాని, కథను నడిపించే చిక్కును దాచకూడదు.

ఆ చిక్కును బయటపెడితే రెండో ప్రతి ఇలా ఉండవచ్చు: ‘అన్న పడవ మునిగి ప్రాణాలు పోవడంతో ఊరు దూరం పెట్టిన యువ సరంగు, మళ్ళీ గోదావరి పొంగిన రాత్రి, లంకలో చిక్కుకున్న బాధిత కుటుంబాన్ని కాపాడటానికి పడవ తీస్తాడు.’ ఇది విన్నవారు ఇక బాగుందని ఊరుకోలేరు, ప్రశ్నలు వేస్తారు. అతనే ఎందుకు వెళ్ళాలి, విపత్తు సహాయానికి వచ్చే ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రావా అని ఒకరు అడుగుతారు. అంతకన్నా విలువైన ప్రశ్న ఇంకొకరు వేయవచ్చు: ‘వాళ్ళు ఇతని పడవ ఎక్కుతారా?’ నా దృష్టిలో మీ సినిమా మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. వరద ఒక అడ్డంకి మాత్రమే. అంతకన్నా పెద్ద అడ్డంకి ఆ కుటుంబానికి ఇతని మీద ఉన్న అపనమ్మకం. దాన్ని కలుపుకుంటే మూడో ప్రతి వస్తుంది: ‘అన్న పడవ మునిగి ప్రాణాలు పోవడంతో ఊరు దూరం పెట్టిన యువ సరంగు, మళ్ళీ గోదావరి పొంగిన రాత్రి, సహాయ బృందాలు చేరలేని లంకలో చిక్కుకుని, తన పడవ ఎక్కడానికి ఒప్పుకోని బాధిత కుటుంబాన్ని తెల్లవారేలోగా ఒడ్డుకు చేర్చాలి.’

ఈ ప్రతి కూడా నాకు కొంత బరువుగానే అనిపిస్తోంది. ఇంగ్లీషులో లాగ్‌లైన్‌కు 25 నుంచి 30 మాటలన్న లెక్క వాడుకలో ఉంది. విభక్తులు మాటకే అతుక్కునే తెలుగులో అంతకన్నా తక్కువకే కథ చెప్పగలగాలి. పైగా మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కనుక, దాని ముందు విశేషణాలు పేర్చుకుంటూ పోతే వినేవారు మొదటి సగం మరిచిపోతారు. గట్టిగా చదివి, మీకు ఊపిరి ఆడని చోట కోయండి. ‘సహాయ బృందాలు చేరలేని’ అన్న ముక్క అవసరమా కాదా అన్నది, అది తీసేసి కొత్తవారికి వినిపిస్తే తేలుతుంది. ఒకసారి విన్నవారికి కథ ముందే తెలిసిపోతుంది కాబట్టి ప్రతిసారీ కనీసం ఒకరిద్దరు కొత్త శ్రోతలు ఉండాలి. వారిలో సినిమాలు పెద్దగా చూడని మనిషి ఒకరు, మీలాగే రాసే మనిషి ఒకరు ఉంటే మంచిది.

మిత్రులు ప్రశ్నలతో ఆగరు, సలహాలూ ఇస్తారు. ‘ఒక ప్రేమకథ పెట్టు’ అని ఎవరైనా అంటే వెంటనే పెట్టవద్దు, కొట్టిపారేయనూ వద్దు. ఎక్కడ విసుగు పుట్టి ఆ మాట వచ్చిందో అడగండి. కథానాయకుడికి ఆ రాత్రి సొంతంగా పోగొట్టుకునేది ఏమీ కనిపించకపోవడమే కారణం కావచ్చు. అప్పుడు మందు ప్రేమకథ కానక్కరలేదు. అలాగే వారి కథలు విని మీరు కూడా ఇలాంటి ప్రశ్నలే వేయండి. హైదరాబాద్‌లో కథా చర్చలకు కూర్చునే సహాయ రచయితలు రోజూ చేసే పని ఇదే. మీరు ఆ వృత్తిలోకి రావాలనుకుంటే సొంత కథ చెప్పడం ఎంత ముఖ్యమో ఎదుటివారి కథలో లోటు పట్టుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఇక కథ చేజారడం గురించి. కేవలం ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో స్పష్టం చేసింది. రక్షణ దొరికేది ఆ ఆలోచనను మీరు విస్తరించి రాసిన రూపానికే. కాబట్టి పరిచయం లేనివారికి వినిపించే ముందు కథను కొన్ని పేజీల సినాప్సిస్‌గా, అంటే కథా సంగ్రహంగా రాసి, హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘంలో గాని, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో గాని నమోదు చేయించుకునే నిబంధనలు కనుక్కోండి. నలుగురు నమ్మకమైన సహాధ్యాయుల దగ్గర మాత్రం భయపడి దాచుకోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ.

డిగ్రీ మాత్రం మధ్యలో వదలకండి. పుణేలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌ప్లే రచన కోర్సుకు డిగ్రీ అడుగుతారు.

వరుసగా ముగ్గురు కొత్తవారు మీ మనసులో ఉన్న కథనే తిరిగి చెప్పగలిగితే వాక్యాన్ని చెక్కడం ఆపి సినాప్సిస్ మొదలుపెట్టండి. కథ సరిగ్గానే చెప్పి, ‘తర్వాత ఏమవుతుంది?’ అని ఒక్కరు కూడా అడగకపోతే మాత్రం దిద్దవలసినది వాక్యాన్ని కాదు, కథాలోచనను. అప్పుడు దాన్ని పక్కన పెట్టి, మీ దగ్గరున్న మిగతా ఆలోచనలలో ఇంకొకటి వినిపించండి.