పాత రేటేది, కొత్త రేటేది?

ప్రశ్న: భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసులో మెయిళ్లు చూస్తానండి. బయ్యరు పైన ఒక్క ముక్క రాసి, కింద పది రోజుల బేరమంతా అలాగే వదిలేస్తాడు. మొన్న 40 కౌంట్ సైజు రొయ్యకి పాత మెయిల్లో రేటునే కొత్తదనుకుని కాగితం మీద ఎక్కించేశాను, మా ఓనరు గారు ఏమన్నారో ఇక్కడ రాయలేను. పాత మాటలు వేరే రంగులో కనపడే దారి ఉందా? మెయిళ్లకి వాడేది థండర్‌బర్డ్ ప్రోగ్రాం.

జవాబు: ఉందండీ, పది నిమిషాల పని. సెట్టింగ్స్‌లో జనరల్ అడుగున కాన్ఫిగ్ ఎడిటర్ తెరిచి, లెగసీయూజర్ అని వెతికితే స్టైల్‌షీట్స్‌తో ముగిసే లైను వస్తుంది, దాన్ని ట్రూ చేయండి. తర్వాత హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీ నుంచి ప్రొఫైల్ ఫోల్డర్ తెరిచి, అందులో క్రోమ్ అనే ఫోల్డరు (అన్నీ చిన్నక్షరాలే), దాని లోపల యూజర్‌కంటెంట్ డాట్ సీఎస్ఎస్ అనే ఫైలు (రంగులు, రూపు ఎలా ఉండాలో చెప్పేది) పెట్టాలి. ఇందులో కంటెంట్‌లోని సి ఒక్కటే పెద్దక్షరం. నోట్‌ప్యాడ్ చెప్పకుండా ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, దాన్ని తీసేయండి, సగం మంది ఆగిపోయేది అక్కడే.

ఇక ఫైల్లో రాసేది. పాత మాటలు మెయిల్ లోపలి కోడ్‌లో బ్లాక్‌కోట్ అనే ట్యాగులో ఉంటాయి. థండర్‌బర్డ్ దానికి టైప్ సైట్ అని గుర్తు కూడా వేస్తుంది (సి-ఐ-టి-ఇ, వెబ్‌సైట్‌లో సైట్ కాదు), కానీ జీమెయిల్ నుంచి వచ్చేవాటికి ఆ గుర్తు ఉండదు కాబట్టి ఉత్త బ్లాక్‌కోట్ అనే రాయండి. దానికి కలర్ నీలం, బోర్డర్ లెఫ్ట్ (ఎడమ పక్క గీత) 3 పిక్సెళ్లు, సాలిడ్. బ్లాక్‌కోట్ పక్కన ఖాళీ వదిలి మళ్లీ బ్లాక్‌కోట్ అని రాస్తే అది లోపలి పొర, అంటే ఇంకా పాత బేరం, దానికి బూడిద రంగు ఇవ్వండి. ప్రతి విలువ చివర ఆశ్చర్యార్థకం పెట్టి ఇంపార్టెంట్ అని రాయకపోతే మెయిల్లో ఉన్న రంగే గెలుస్తుంది. అక్షరాల సైజు జోలికి మాత్రం వెళ్లకండి: 90 శాతం అని పెట్టారనుకోండి, రెండో పొరకి అది 81 అవుతుంది, మూడోదానికి 73, ఐదారు పొరల కింద రేటు చదవాలంటే భూతద్దం కావాలి. అయ్యాక థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరవండి.

ఒక్క చిక్కు. బయ్యరు ఔట్‌లుక్ వాడితే ఈ రంగులు పడకపోవచ్చు, అది మామూలుగా పాత మెయిల్ పైన ఒక గీత, ఫ్రమ్, సెంట్ పెట్టి వదిలేస్తుంది, బ్లాక్‌కోట్ వాడదు. అలాంటాయన్ని కొత్త రేటు మొదటి లైన్లోనే తారీఖుతో రాయమనండి, వ్యాపారం కదా, ఏమీ అనుకోరు. ఈ రంగులన్నీ మీ తెర మీదే, బయ్యరుకి ఏమీ తెలియదు. ఓనరు గారికీ కావాలంటే ఆయన కంప్యూటర్లోనూ ఇదంతా చేయాలి.