1858 సెనేట్ పోటీలో లింకన్‌ను జనం ఓడించారా?

కాదు, ఆయన్ని ఓడించింది ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ. జనం వేసిన బ్యాలెట్లో లింకన్ పేరూ లేదు, ఆయన ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్ పేరూ లేదు. అప్పట్లో అమెరికా సెనేటర్లను రాష్ట్ర శాసనసభ్యులే ఎన్నుకునేవారు, మన రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టు. నవంబరులో జనం ఓటేసింది ఆ శాసనసభ్యులకే. అందులో లింకన్ పార్టీ రిపబ్లికన్లకే ఓట్లు కాస్త ఎక్కువ పడ్డాయి. కానీ నియోజకవర్గాల హద్దులు పాతవి. ఉత్తరాన జనం పెరిగినా సీట్లు పెరగలేదు. పైగా రాష్ట్ర ఎగువసభలో కొందరికి ఆ ఏడు ఎన్నికే లేదు. తీరా 1859 జనవరి 5న సభ్యులు ఓటేస్తే డగ్లస్‌కు 54, లింకన్‌కు 46.

ఇద్దరి మధ్య జరిగిన ఆ ప్రసిద్ధమైన ఏడు చర్చలు అధ్యక్ష పదవి కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ఈ సెనేట్ సీటు కోసం జరిగినవే. అధ్యక్ష పదవి పోటీ 1860లో, అది వేరే కథ. సెనేటర్లను జనమే నేరుగా ఎన్నుకోవాలన్న అమెరికా రాజ్యాంగ 17వ సవరణ 1913లో గానీ రాలేదు.