సబ్‌వూఫర్ గుంయ్‌మంటుంటే ముందు డిష్ కేబుల్ విప్పి చూడండి

చెన్నై వేళచ్చేరి ఫ్లాట్‌లో డిష్ సెట్‌టాప్ బాక్స్, టీవీ, యాంప్ (యాంప్లిఫయర్) కలిపాక సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) గుంయ్‌మంటోందని, యాంప్ వాల్యూమ్ సున్నాకి తెచ్చినా తగ్గట్లేదని అన్నారు కదండీ. అలా వాల్యూమ్‌తో మారకపోతే గోల వాల్యూమ్ నాబ్ తర్వాతే కలుస్తోందన్నమాట.

సబ్‌వూఫర్ లెవెల్ తగ్గించి, దాని వెనక యాంప్ నుంచి వచ్చే ఆర్‌సీఏ (ఆడియో) వైరు తీసేయండి. లెవెల్ మళ్లీ పెంచినా మోత ఉంటే సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు అయిపోయి ఉండొచ్చు, మెకానిక్ పని. ఆగిపోతే వైరు మళ్లీ పెట్టి, సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే డిష్ కేబుల్ విప్పండి. ఇప్పుడు ఆగిందా? అయితే గ్రౌండ్ లూప్. డాబా మీద డిష్ తగిలే ఎర్త్ వేరు, మీ ప్లగ్ ఎర్త్ వేరు. రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల కేబుల్ షీల్డ్‌లో (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికలో) కరెంటు పారి 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది.

మామూలు కేబుల్ టీవీకైతే 75 ఓమ్‌ల గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ కలవకుండా చేసే ముక్క) పెడితే సరి. మీది డిష్. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు బిగించే సిగ్నల్ రిసీవర్‌కి) 13 లేదా 18 వోల్టుల డీసీ ఆ కేబుల్‌లోనే వెళ్లాలి, ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది, బొమ్మ రాదు. కాబట్టి టీవీ నుంచి యాంప్‌కి ఆప్టికల్ కేబుల్ వేసి, వాటి మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ, ఆర్‌సీఏ వైర్లు తీసేయండి. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుతురే, కరెంటు పారదు.

చవక ఆర్‌సీఏ ఐసొలేటర్ జోలికి పోకండి, బేస్ తినేస్తుంది. ప్లగ్ మూడో పిన్ను మాత్రం పీకొద్దు, మోత పోవచ్చు గానీ షాక్ కొట్టే ప్రమాదం ఉంది.