కట్ట వెనక ఊట: ఎప్పుడు భయపడాలి?

ప్రశ్న: మా ఊరి చెరువు నిండింది. తూముకు యాభై అడుగుల దూరంలో, కట్ట వెనక అడుగున నీరు ఊరుతోంది. బంకమట్టితో పూడ్చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. అక్కడ మూస్తే నీరు మరోచోట పొడుచుకొస్తుంది. ముందు ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి కదపకుండా పది నిమిషాలు ఉంచండి. తేటగా ఉండి, ధార పెరగకపోతే రోజూ చూసుకుంటే చాలు. మట్టికట్ట అన్నాక కొంత ఊట తప్పదు. గ్లాసు అడుగున మట్టి పేరుకుందా, లోపల బుంగ మొదలైనట్టే. 1976లో అమెరికాలోని టీటన్ డ్యామ్ తొలిసారి నిండుతుండగానే, బురద ఊట కనబడిన కొద్ది గంటల్లో తెగిపోయింది.

వెంటనే నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కబురు చేసి, తూము ఎత్తి మట్టం తగ్గించండి. అలుగు మీద చేపల వలలుంటే పీకించండి. ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల ముతక ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన 40 ఎంఎం కంకర వరసగా పోయండి. నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది.

ఇది తాత్కాలికమే. ఎండాకాలంలో కట్టను లోపలివైపు, అంటే నీరు నిలిచే వైపు తవ్వి, తడిపిన బంకమట్టిని ఆరంగుళాల పొరలుగా రోలర్‌తో తొక్కించాలి. కట్ట మీది తుమ్మలు కొట్టించి మొద్దులు వదిలేస్తుంటారు. వేరు కుళ్లిన బొక్కే నీటికి దారి.